అసెంబుల్డ్ పీసీ హ్యాంగ్ అవుతోందా? మళ్ళీ విండోస్ ఎక్కించే ముందు ఇవి చూడండి

మీరు చెప్పింది ఇదీ: రైజెన్ 5 5600, బీ450 బోర్డు, 8 జీబీ 3200 ర్యామ్‌లు రెండు, జీటీఎక్స్ 1660 సూపర్, 450 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ (మెషీన్‌కు కరెంటు అందించే డబ్బా). తిరుపతిలో మేడమీది గది, ఇన్వర్టర్ లైను మీద కనెక్షన్. గేమ్ ఆడుతుంటే ఠక్కున స్క్రీన్ నల్లబడి రీస్టార్ట్ అవుతోంది. ఒక్కోసారి ఊరికే పాటలు వింటున్నా మౌస్ కూడా కదలకుండా బిగుసుకుపోతోంది. రెండుసార్లు ఫార్మాట్ కొట్టినా అదే వరస.

మూడోసారి కొట్టకండి. రెండుసార్లు చేసినా పోలేదంటే తంటా విండోస్‌ది కాదని దాదాపు తేలిపోయింది. ఇంకోటి, ఆ రీస్టార్టూ ఈ హ్యాంగూ ఒకే జబ్బు అనుకోకండి. బ్లూ స్క్రీన్ లేకుండా ఠక్కున ఆగితే కరెంటు వైపు చూడాలి. శబ్దం ఒక్కచోటే గీపెడుతూ మొత్తం బిగుసుకుంటే ర్యామ్, ప్రాసెసర్ వోల్టేజి, గ్రాఫిక్స్ కార్డు. మౌస్ కదులుతూనే ఏ ప్రోగ్రామూ తెరుచుకోకపోతే డిస్కు.

మొదట ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తన తప్పులన్నీ రాసుకునే చిట్టా) తెరిచి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. కెర్నల్-పవర్ పేరుతో 41 నంబరు ఎర్రర్ కనబడగానే ‘ఎస్‌ఎమ్‌పీఎస్ పోయింది’ అని తేల్చేసేవాళ్ళు చాలామంది. 41 చెప్పేది ఒక్కటే, మెషీన్ పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని. మీరు ప్లగ్గు పీకినా అదే పడుతుంది. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ (బ్లూ స్క్రీన్ తప్పు నంబరు) చూడండి. 0 ఉంటే తప్పు ఏమిటో రాసుకునే వ్యవధి కూడా విండోస్‌కు దొరకలేదన్నమాట. అదే సమయానికి డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ (హార్డ్‌వేర్ తప్పులు రాసే విండోస్ భాగం) పేరుతో 18 నంబరు ఉంటే ప్రాసెసరే తప్పు పట్టుకుని చెప్పిందని అర్థం. 7, 129, 153 నంబర్లు కనిపిస్తే అవి డిస్కు ఫిర్యాదులు.

ఇక అసలు సంగతి. మన జిల్లాల్లో మెషీన్ విప్పే ముందు గోడ సాకెట్ చూడాలి. లాగ్‌లోని టైములు ఒక కాగితం మీద రాసి, మీ ఇంట్లోదో పక్కింట్లోదో బోరు మోటారు వేసే వేళలతో, కరెంటు పోయి వచ్చిన వేళలతో పోల్చండి. మోటారు స్టార్ట్ అయిన క్షణంలో వోల్టేజి దిగుతుంది. మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ దాన్ని తట్టుకుంటుంది, నాసిది తట్టుకోదు.

ఇన్వర్టర్‌ది ఇంకో కథ. పీసీ ఎస్‌ఎమ్‌పీఎస్‌లకు ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం కరెంటు తెగితే అది సుమారు 16 మిల్లీసెకన్లు నిలబడితే చాలు. ఫ్యాన్లు, లైట్ల కోసం పెట్టిన ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారడానికి అంతకంటే ఎక్కువ సమయం తీసుకోవచ్చు. చాలా ఇన్వర్టర్లకు వెనకవైపు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, దాన్ని అటు మార్చండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (గోడ కరెంటులా నున్నటి అల కాకుండా మెట్లుగా ఇచ్చేది) అయితే యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగా లాగే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎమ్‌పీఎస్‌లు కొన్ని దానితో పొసగవు, బ్యాటరీ మీదికి మారగానే ఆగిపోతాయి. తేల్చుకోవడం తేలికే: రెండు రోజులు ఇన్వర్టర్ లేని సాకెట్‌లో నడిపి చూడండి.

క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడుతోందా? అయితే ఎర్తింగ్ లేదు. మల్టీమీటర్ ఏసీ రేంజిలో పెడితే ఫేజ్–న్యూట్రల్ 230కి అటూఇటూ, ఫేజ్–ఎర్త్ దాదాపు అంతే, న్యూట్రల్–ఎర్త్ రెండు మూడు వోల్టులలోపు ఉండాలి. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతే ఈ లెక్క తప్పుతుంది. బిందెడు నీళ్ళు పోసి మళ్ళీ చూడండి. సాకెట్‌లో మీటరు పెట్టడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, అక్కడ ధైర్యం పనికిరాదు.

సాకెట్ బాగుంటే ఎస్‌ఎమ్‌పీఎస్. మీ ప్రాసెసర్ 76 వాట్లు, కార్డు 125 వాట్లు, మిగతావన్నీ కలిపినా 250 దగ్గరే. అంటే 450 వాట్లు చాలు, అది నిజంగా 450 అయితే. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన డబ్బా మీద అంకె చూసి నమ్మకండి. గేమ్ నడుస్తుండగా మోలెక్స్ (ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి వచ్చే నాలుగు పిన్నుల కనెక్టర్) పిన్నుల్లో పసుపు–నలుపు వైర్ల మధ్య డీసీ వోల్టేజి కొలవండి, 11.40కీ 12.60కీ మధ్య ఉండాలి. సాఫ్ట్‌వేర్ చూపే 12 వోల్టుల అంకె మీద నాకు నమ్మకం లేదు. ప్రాసెసర్ పక్కనున్న 8 పిన్నులదీ కార్డు 8 పిన్నులదీ క్లిప్పు పడేదాకా నొక్కారో లేదో కూడా చూడండి, సగం దిగిన కనెక్టర్ లోడ్ పడితేనే బయటపడుతుంది. ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో చార్జి నిలిచే ఉంటుంది.

ఊరికే ఉన్నప్పుడు బిగుసుకుపోవడానికి మొదటి అనుమానం ర్యామ్ మీద. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల మెనూలో) ఎక్స్‌ఎమ్‌పీ, అంటే ర్యామ్‌ను పెంచిన వేగంలో నడిపే సెట్టింగు, ఆపేసి రెండు రోజులు వాడండి. హ్యాంగ్ ఆగితే 3200 వేగం దగ్గరే తేడా, ర్యామ్‌కు 1.35 వోల్టులు పడుతోందో లేదో చూడండి. ర్యామ్‌లు ప్రాసెసర్ వైపునుంచి రెండు, నాలుగు స్లాట్లలో ఉండాలి, మీ బోర్డుకు రెండే స్లాట్లయితే ఈ గొడవ లేదు. తర్వాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా వదిలేయండి, కనీసం నాలుగు పాసులు. ఒక్క ఎర్రగీత వచ్చినా ఫెయిలే, ‘ఒకటే కదా’ అనుకోవడానికి లేదు. తప్పు వస్తే ఒక్కో ర్యామ్‌నీ ఒకే స్లాట్‌లో పెట్టి చూడండి, ఆ తర్వాత బాగున్న ర్యామ్‌ని రెండో స్లాట్‌లో. అప్పుడు తప్పు ర్యామ్‌దా, స్లాట్‌దా తేలిపోతుంది. రబ్బరుతో రుద్దడం పాత మెషీన్లకు పనికొస్తుందేమో గానీ కొత్త ర్యామ్‌కు అక్కర్లేదు, తీసి గట్టిగా కూర్చోబెడితే చాలు.

ర్యామ్ పాసైతే బయోస్‌లోని ఏఎమ్‌డీ సీబీఎస్ మెనూలో ‘పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్’ను ‘టిపికల్ కరెంట్ ఐడిల్’కు మార్చండి. ఖాళీగా ఉన్నప్పుడు రైజెన్ మరీ తక్కువ కరెంటు లాగుతుంది, కొన్ని పాత ఎస్‌ఎమ్‌పీఎస్‌లకు అది సరిపడదు. బీ450 బోర్డు పాత బయోస్‌తో ఉంటే అప్‌డేట్ కూడా చెయ్యాలి. చేసేటప్పుడు కరెంటు పోతే బోర్డే పోవచ్చు, కాబట్టి యూపీఎస్ మోడ్ పెట్టాక, బ్యాటరీ నిండా ఉన్నప్పుడే.

వేడిని అందరూ ముందుగా తిడతారు గానీ దాని వాటా అనుకున్నంత ఉండదు. 5600 గరిష్ఠం 90 డిగ్రీలు. అక్కడికి చేరితే ముందు వేగం తగ్గించుకుంటుంది, వెంటనే చచ్చిపోదు. అయినా మే నెలలో స్లాబు కింద గది 40 దాటితే లోపలి అంకెలన్నీ అంతమేరా పైకి లేస్తాయి. పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి గేమ్ ఆడండి. రీస్టార్ట్ ఆగితే గాలి దారి సరిచెయ్యండి, కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూసుకోండి. ఆగకపోతే వేడిని వదిలేయండి.

డిస్కు ఆరోగ్యం చూడడానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం చాలు. అందులో 05, సీ5 వరసల్లో (పాడైన, అనుమానపు సెక్టార్ల లెక్క) అంకెలు పెరుగుతుంటే డిస్కు పోతోంది, ముందు ఫోటోలు కాపీ చేసుకోండి. సీ7 (కేబుల్‌లో డేటా చెడిన లెక్క) మాత్రమే పెరుగుతుంటే సాటా కేబుల్ మారిస్తే సరి.

ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే. నాలుగు కలిపి మారిస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలీదు. ఏదీ కొనకముందు స్నేహితుడి మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ ఒక రోజుకు అడిగి తెచ్చుకోండి. చెన్నై రిచ్చీ స్ట్రీట్‌కు పరుగెత్తేది దాని తర్వాతే.

ముందు చెప్పిన డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ 18 నంబరు ఎర్రర్ వస్తే డీటెయిల్స్‌లో ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ (ఏ కోర్ అన్నది చెప్పే నంబరు) ఉంటుంది. ఎక్స్‌ఎమ్‌పీ ఆపాక కూడా ప్రతిసారీ అదే ఐడీ వస్తుంటే ఒక కోర్ దెబ్బతిందని అనుమానించాలి. అప్పుడు ప్రాసెసర్ డబ్బాతో కొన్నారా, డబ్బా లేకుండా విడిగా అమ్మే ట్రేదా అన్నది చూడండి. డబ్బాతో వచ్చినదానికి ఏఎమ్‌డీ వారంటీ మూడేళ్ళు, ట్రేదానికి అమ్మిన షాపువాడే దిక్కు. ఆ ఐడీలు, ఇన్వర్టర్ మోడల్, ఎస్‌ఎమ్‌పీఎస్ మోడల్ ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.