క్లింగాన్ల నుదుటి గట్లు ఏమైనట్టు?

విడుదలైన వరుసలో చూస్తున్నావు తమ్ముడూ, చిక్కంతా అక్కడే. స్టార్ ట్రెక్ అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ కథల్లో క్లింగాన్లు ఒక గ్రహాంతర జాతి. 1967 నాటి టీవీ సీరియల్‌లో వాళ్లకు నున్నటి నుదురు, 1979 సినిమాలో గట్లు. మీ కడప స్నేహితులు అన్నట్టు అవి రెండు జాతులు కావు.

కథాకాలం ప్రకారం పేర్చు:

1. 2154: జన్యుమార్పు చేసిన మనుషుల జన్యువులను వాడబోయి క్లింగాన్లు వైరస్ తెచ్చుకున్నారు. మందుతో ప్రాణాలు దక్కాయి, గట్లు పోయాయి. ఇది 2005లో వచ్చిన 'ఎంటర్‌ప్రైజ్' అనే స్టార్ ట్రెక్ సీరియల్ నాలుగో సీజన్‌లో వరుసగా రెండు ఎపిసోడ్లు, రెండూ చూడు.

2. 2260లు: 1967 సీరియల్ కథ జరిగే కాలం. అందులోని నున్నటివాళ్లు ఆ వైరస్ సోకినవాళ్ల వారసులు.

అందరూ వదిలేసేది ఒక్కటే: ఆ మార్పు పిల్లలకూ దిగుతుంది. అది పట్టుకోకపోతే వందేళ్ల తర్వాత కూడా గట్లు ఎందుకు లేవో తేలదు. అనంతపురంలో మేం రాత్రంతా కొట్లాడింది దానిమీదే.