మామగారి ఫోన్‌లో నెట్ ఆపేయమంటారా?

ప్రశ్న: మా మామగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. వయసు 72. అత్తయ్యగారు పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి ఆయనకు ఫోనే లోకం. తెల్లవారుజామున నాలుగున్నరకే మెసేజ్‌లు మొదలుపెడతారు. ఆ మధ్య పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఒక వాయిస్ మెసేజ్‌ను బంధువుల గ్రూపులోనూ, అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ పెట్టారు. అది విని మా వాచ్‌మన్ దుప్పట్లు అమ్ముకునే కుర్రాణ్ని పట్టుకుని కొట్టబోయాడు. పెద్ద గొడవయింది. మా వారు కోపంతో నాన్నగారిని ఫ్యామిలీ గ్రూపులోంచి తీసేశారు. నాలుగు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు. మామగారు భోజనం గదిలోకే తెప్పించుకుంటున్నారు. ఇప్పుడేమో ఏదో వీడియో చూసి షుగర్ మాత్రలు మానేశారు. మొన్న పూజగది తుడుస్తుంటే అత్తయ్యగారి ఫోటో వెనక మాత్రలు కాగితంలో చుట్టి ఉన్నాయి. ఆవిడ ఉన్న రోజుల్లో మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా పక్కనే నిలబడేవారు. టెస్ట్ చేయిస్తే షుగర్ 312 వచ్చింది. మా వారు ‘కీప్యాడ్ ఫోన్ కొనిచ్చెయ్, నా దాకా తేవద్దు’ అంటున్నారు. ఆయనకు తెలియకుండా నెట్ ఆపే మార్గం ఏదైనా ఉందా?
– ఒక కోడలు, గుంటూరు

జవాబు: ముందు మాత్రల సంగతి. 312 అంటే వచ్చే నెల చూద్దాంలే అనుకునే అంకె కాదు. రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పాత చీటీ చూసి మాత్రలు మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టొద్దు. ఇన్ని రోజులు ఆపేశాక ఎంత డోసు వేయాలో డాక్టరే చెప్పాలి. కాళ్లు, కళ్లు కూడా చూడమనండి.

ఇక నెట్ ఆపడం. మార్గం ఉంది, ఏ ఫోన్ షాపు కుర్రాడినడిగినా రెండు నిమిషాల్లో చేసిపెడతాడు. నేను మాత్రం చెప్పను. ఊళ్లో ఎంతమందికో అక్షరాలు దిద్దించిన మనిషి ఫోన్‌ను దొంగతనంగా పాడుచేసి, నెట్‌వర్క్ బాగాలేదని అబద్ధం చెబుతారా? అబద్ధాలు నమ్ముతున్నారని కదా మీ బాధంతా!

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో మీ ఆయన తన తండ్రితో నేరుగా అన్న మాట ఒక్కటి కూడా కనిపించలేదు. ‘ఇచ్చెయ్’, ‘తేవద్దు’... అన్నీ మీతో అన్నవే. గ్రూపులోంచి తీసేయడం కూడా మాటల్లేకుండానే జరిగింది. అంతకుముందు ఆయన్ని కూర్చోబెట్టి ‘నాన్నా, ఇది ఎవరు పంపారు? ఎందుకు నమ్మావు?’ అని అడిగారని మీరు రాయలేదు. అడిగి ఉంటే తప్పకుండా రాసేవారు. మీ ఇంటి జబ్బు అక్కడుంది, ఫోన్‌లో లేదు.

అక్కాచెల్లెళ్లు, మేనల్లుళ్లు, మనవలు అందరూ ఉన్న గ్రూపులోంచి కన్నతండ్రిని తీసేయడం చిన్న విషయమనుకోకండి. పంక్తిలో కూర్చున్న పెద్దమనిషిని విస్తరి ముందు నుంచి లేపినట్టే. ‘ఫలానా వారిని తొలగించారు’ అని అందరికీ కనిపిస్తుంది కూడా. ఆయన గదిలో అన్నం తింటున్నారని మీరు ఆశ్చర్యపోయారు. నాకేమీ ఆశ్చర్యం వేయలేదు.

మామగారి తప్పు లేదని నేననడం లేదు. ఆ వాయిస్ మెసేజ్ చాలా ప్రమాదకరమైన తప్పు. 2018 మే నెలలో తెలుగు రాష్ట్రాల్లో సరిగ్గా ఇలాంటి పుకార్లే తిరిగాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపేశారు. ఆ జులైలో హైదరాబాద్‌కు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు స్నేహితులతో బీదర్ జిల్లాకు వెళ్లి, దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు ప్రాణం పోగొట్టుకున్నాడు. మీ దుప్పట్ల కుర్రాడు క్షేమంగా ఇంటికి వెళ్లాడంటే అది మీ అందరి అదృష్టం. ఈ మాట మామగారికి తెలియాలి. కొడుకు నోటి నుంచే తెలియాలి, ఎదురుగా కూర్చుని, గొంతు పెంచకుండా.

అదే 2018లో జోగులాంబ గద్వాల జిల్లాకు రెమా రాజేశ్వరిగారు ఎస్పీగా ఉన్నారు. ఆవిడ ఎవరి ఫోన్లూ లాక్కోలేదు. పోలీసులను ఊళ్లకు పంపి జనంతో మాట్లాడించారు. అబద్ధపు మెసేజ్‌ల గురించి పాటలు కట్టించి, డప్పు కొట్టించి మరీ చెప్పించారు. ముక్కూ మొహం తెలియని ఊరివాళ్ల దగ్గరికి ఒక పోలీసు అధికారి అంత ఓపికగా వెళ్లగలిగితే, పక్క గదిలోని తండ్రి దగ్గరికి కొడుకు వెళ్లలేడా?

ఆయన ఎందుకు నమ్ముతారో కూడా ఆలోచించండి. ఆ తరం వాళ్లకు వార్త అంటే ఉదయం రేడియోలో వచ్చేది, పేపర్లో అచ్చయ్యేది. అచ్చులో ఉంటే నిజమే. ఇప్పుడు మెసేజ్ పాత సహోద్యోగి నుంచో, బావమరిది నుంచో వస్తుంది. పంపినవాడు మనవాడు, అబద్ధం ఎందుకు చెబుతాడు అనుకుంటారు. దాన్ని తయారుచేసింది ఎవరో ఆ పంపినవాడికీ తెలియదు. పోనీ వయసు మీద పడ్డవాళ్లే నమ్ముతారా? 2020లో కోడికూర తింటే కరోనా వస్తుందన్న మాట నమ్మి చదువుకున్న వాళ్లంతా చికెన్ మానేస్తే, చివరికి మంత్రులు హైదరాబాద్‌లో వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది.

అత్తయ్యగారి ఫోటో వెనక మాత్రలు దొరికాయని రాశారు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పారేయాలనుకుంటే చెత్తబుట్ట ఉంది, కిటికీ ఉంది. ఆయన తీసుకెళ్లి భార్య ఫోటో వెనక పెట్టారు. మింగేదాకా పక్కన నిలబడే మనిషి పోయింది. రెండేళ్లుగా ఆ చోట ఎవరూ నిలబడలేదు. ఆ వీడియోలో మనిషి మాత్రం రోజూ పొద్దున్నే ఆయన ఆరోగ్యం గురించే మాట్లాడుతున్నాడు. ఎవరి మాట వింటారు మరి?

ఇంకో భయం కూడా ఉంది నాకు. ‘డిజిటల్ అరెస్ట్’ చేశామంటూ పోలీసు వేషంలో వీడియో కాల్ చేసి డబ్బు గుంజే ముఠాలున్నాయి. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. మామూలు కీప్యాడ్ ఫోన్‌కు కూడా ఇలాంటి మోసగాళ్లు కాల్ చేయగలరు. వాళ్లు మొదట చెప్పే మాట ‘ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు’ అని. మామగారికి ఇప్పుడు ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరున్నారు? డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని ఆయనకు చెప్పి ఉంచండి. ఆ నంబరు కంటే ముందు కొడుకు పేరు గుర్తొచ్చే పరిస్థితి ఇంట్లో ఉండాలి.

మీకొక మాట, అమ్మా. తండ్రీకొడుకుల మధ్య కబుర్లు మోసే పని ఈ రోజుతో ఆపేయండి. ‘నాన్నకు చెప్పు’ అంటే ‘మీరే చెప్పండి’ అనండి. మామగారు ‘వాడికి చెప్పమ్మా’ అన్నా అదే జవాబు. అన్నం పెట్టడం, మందులు గుర్తుచేయడం వేరు, ఇద్దరు మగవాళ్ల పంతానికి మధ్యలో నలిగిపోవడం వేరు. కోడలిగా మీరు చేయాల్సింది చేస్తూనే ఉన్నారు. కొడుకు చేయాల్సిన పని కూడా మీ నెత్తిన వేసుకుంటే అది మంచితనం కాదు, మీ గౌరవం మీరు పోగొట్టుకోవడమే. రేపు డాక్టరు దగ్గరికి కూడా మీ ఆయన్నే తీసుకెళ్లమనండి. ఆఫీసుకు ఒక పూట సెలవు పెడితే కొంపలేం మునగవు.

ఈ జవాబు మీరు చదివి వినిపించొద్దు, మీ ఆయన చేతికే ఇవ్వండి. ఇక్కడి నుంచి అతనికే రాస్తున్నాను.

బాబూ, ఈ రోజు నాన్నగారి కాఫీ నువ్వే తీసుకెళ్లు. ఫోన్ హాల్లో వదిలేసి వెళ్లు. గ్రూపులోంచి తీసేయడం తప్పేనని చెప్పు. మళ్లీ చేర్చేది ఆయన ఎదురుగానే చేర్చు. తర్వాత మెసేజ్ పైన కనిపించే రెండు బాణాల గుర్తు చూపించు. అది ఉంటే చాలా చేతులు మారి వచ్చిందని అర్థమని, పంపేముందు నిన్ను ఒక్క మాట అడగమని చెప్పు. హెడ్మాస్టరు కదా, తప్పొప్పులు దిద్దడం ఆయనకు నువ్వు నేర్పక్కర్లేదు. రోజుకు ఒక మెసేజ్ ఇద్దరూ కలిసి నిజమో కాదో చూడండి. దానికి ముందు, డాక్టరు చెప్పిన మాత్ర రోజూ చేతిలో పెట్టి, ఆయన మింగేదాకా అక్కడే నిలబడు.