సాగు సందేహాలు: వరి తర్వాత పెసర

ప్రశ్న: వరి కోశాక మిగిలిన చెమ్మ మీద ఎకరాకు ఆరు కిలోల పెసలు చల్లుతున్నాం. మొక్క పలచగా వస్తోంది, జానెడు దాటి ఎదగడం లేదు. లోపం ఎక్కడ?
– ఓ రైతు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: ముందు విత్తనం లెక్క చూడండి. వెయ్యి పెసర గింజలు సుమారు 35 గ్రాములు తూగుతాయి. ఆరు కిలోలు చల్లితే చదరపు మీటరుకు పడేవి 42 గింజలే. దున్నని మాగాణిలో కొయ్యకాళ్ల మధ్య ఇరుక్కున్నవి, పిట్టలు తిన్నవి పోగా సగం నిలవడమే గగనం. నిలవాల్సింది 30కి పైగా. అందుకే 10–12 కిలోలు వేయండి. అదీ కోతకు రెండు మూడు రోజుల ముందే, నిలిచి ఉన్న వరి చేలోనే. అడుగేస్తే పాదం అచ్చు పడాలి, అచ్చులో నీరు ఊరకూడదు. ఊరితే గింజ కుళ్లుతుంది. మిషన్ కోతైతే చక్రాల దారుల్లో కోసిన రోజే మళ్లీ గింజ వేసుకోండి.

ఎదగకపోవడానికి మాత్రం నేలనే అనుమానించాలి. మీ వైపు ఎర్రనేలల్లో చాలావాటికి ఆమ్లగుణం ఎక్కువ. దమ్ములో నీరు నిలిచినన్నాళ్లూ అది తగ్గి ఉంటుంది, పొలం ఆరాక తిరగబెడుతుంది, సరిగ్గా పెసర వేరు దిగే వేళకి. వరి బాగానే పండుతుంది కనుక జబ్బు బయటపడదు. 30 రోజుల మొక్కను మట్టిపెళ్లతో తవ్వి, కడిగి, వేరు బుడిపెను గోటితో చిదమండి. లోపల గులాబీ రంగుంటే నత్రజని అందుతున్నట్టే. ఆకుపచ్చగా ఉన్నా, బుడిపెలే లేకున్నా భూసార పరీక్ష చేయించండి. ఆమ్లగుణాన్ని చెప్పే ఉదజని సూచిక (పీహెచ్) 5.5 కంటే తగ్గితే పరీక్షలో చెప్పిన మోతాదు సున్నాన్ని ఖరీఫ్ దుక్కిలోనే కలియదున్నాలి. పెసర చల్లేటప్పుడు పైన జల్లిన సున్నం వేరు దాకా దిగదు, డబ్బు దండగ.

వేరు బుడిపెల్లో ఉండి మొక్కకు నత్రజని అందించే సూక్ష్మజీవి రైజోబియం. దాని 200 గ్రాముల పొట్లం పదికిలోల విత్తనానికి బెల్లం నీళ్లతో పట్టించి నీడన ఆరబెట్టండి. మందులతో విత్తనశుద్ధి చేసేవారు అవి ఆరాక, ఆఖరున మాత్రమే దీన్ని పట్టించాలి. పూత దశలో లీటరు నీటికి 20 గ్రాముల యూరియా పిచికారీ చేస్తే కాయలో గింజ నిండుతుంది.

ప్రశ్న: ఆకులు పసుపెక్కుతున్నాయి. యూరియా చల్లమంటున్నారు, చల్లాలా?
– పర్లాకిమిడి నుంచి

జవాబు: ఏ ఆకులు? అడుగు ఆకులు ఒకే తీరున పాలిపోతే నత్రజని చాలనట్టు. కొస లేతాకుల మీద పసుపు, ఆకుపచ్చ కలగలిసి మచ్చలుగా ఉంటే అది తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు. దానికి యూరియా మందు కాదు, పైగా లేతాకు పెరిగి దోమ ఇంకా చేరుతుంది. తెగులు సోకిన మొక్క కోలుకోదు, కనిపించిన రోజే పీకి కాల్చేయండి. ఎకరాకు 20 పసుపు జిగురు అట్టలు పెట్టండి. వచ్చే ఏడు కిలో విత్తనానికి 5 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. అనే పురుగుమందు పట్టిస్తే తొలి వారాల్లో దోమ అదుపులో ఉంటుంది. తెగులును తట్టుకునే ఐ.పి.ఎం. 2-14, డబ్ల్యు.జి.జి. 42 రకాలు ఎంచుకోండి. ఇంట్లో దాచిన పాత, రకాలు కలిసిపోయిన విత్తనం వద్దు.

ప్రశ్న: కాయ ఒకేసారి కోయొచ్చా?
– రాయగడ నుంచి

జవాబు: ముప్పాతిక కాయలు నల్లబడగానే మొక్కలు కోయండి, మంచు ఆరని పొద్దున్నే. మధ్యాహ్నం ఎండలో ముట్టుకుంటే కాయ చిట్లి గింజ పొలంలోనే రాలుతుంది.