మినిట్స్ పుస్తకంలో లేని ఉత్తరం

చిరంజీవి బాబుకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంజనీరింగ్ ఉద్యోగం మానేసి చరిత్రలో పీహెచ్‌డీకి అమెరికా వస్తున్నావని, అదీ ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో జాతివివక్ష మీదనని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దాని గొంతులో బెంగ వినిపించింది. నాకు మాత్రం ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు నేను చేసిన పని అదే కదా.

ముందు డబ్బు సంగతి. ఆరేడేళ్లు పడుతుంది. స్టైపెండ్‌తో సీటిస్తేనే రా, అప్పు చేసి రావద్దు. ఇంజనీరింగ్ చదివే నీ స్నేహితులకు చదువయ్యాక ఇక్కడ పనిచేసుకునే అనుమతి, ఓపీటీ, మూడేళ్లు దొరుకుతుంది, చరిత్రవాళ్లకు ఒక్క ఏడాదే. ప్రొఫెసర్ ఉద్యోగాలు చాలా తక్కువ. ఇవన్నీ మీ అమ్మకు కూడా విప్పి చెప్పు.

ఇక పని. నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, నువ్వు చేయకు. నా థీసిస్ అమెరికా దక్షిణాదిలో ఒక విశ్వవిద్యాలయం మీద. రెండు నెలలు అక్కడి ఆర్కైవ్స్‌లో కూర్చుని పాలకమండలి మినిట్స్, అధ్యక్షుల ఉత్తరాలు పెట్టెలకు పెట్టెలు చదివాను. 1930ల్లో నల్లజాతి విద్యార్థుల దరఖాస్తుల ఊసే లేదు. ఎవరూ దరఖాస్తు పెట్టలేదని మొదటి అధ్యాయంలో రాసేశాను.

అదే ఊళ్లో రిటైరైన నల్లజాతి టీచరమ్మ ఒకావిడ ఉందంటే చూడబోయాను. నేను చెప్పిందంతా విని, లోపలికి వెళ్లి ఇంటి బైబిల్ తెచ్చింది. అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. మడతల దగ్గర చిరిగితే వెనక టేపు అంటించారు, ఆ టేపు కూడా పసుపెక్కిపోయింది. పైన విశ్వవిద్యాలయం పేరు. ఆవిడ అన్నగారి దరఖాస్తుకు వచ్చిన జవాబు అది. కుదరదు అన్న మాట ఎక్కడా లేదు. మీకు కావలసిన కోర్సు ఉత్తరాదిలో చదువుకోండి, ఫీజులో తేడా, రైలు ఖర్చు రాష్ట్రం ఇస్తుంది అని ఎంతో మర్యాదగా రాశారు. చాలాసేపు నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చి ఆ అధ్యాయం మొత్తం తిరగరాశాను.

అది ఆ ఒక్క ఊరి సంగతి కాదు. తమ విశ్వవిద్యాలయాలు తెల్లవాళ్లకే ఉంచుకోవడానికి దక్షిణాది రాష్ట్రాలు చాలావరకు ఇదే దారి పట్టాయి. మిస్సోరీ రాష్ట్రం కూడా లాయిడ్ గెయిన్స్‌ అనే నల్లజాతి కుర్రాడికి లా చదువు కోసం ఇలాగే బయటి రాష్ట్రం దారి చూపించింది. ఆయన ఒప్పుకోక కోర్టుకెక్కాడు. బయటికి పంపితే సరిపోదు, రాష్ట్రంలోనే సమానమైన చదువు చెప్పాలని 1938 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1939 మార్చిలో ఒక సాయంత్రం, షికాగోలో స్టాంపులు కొనుక్కొస్తానని బయటికెళ్లిన మనిషి మళ్లీ ఎవరికీ కనిపించలేదు. 2006లో, అప్పట్లో చేర్చుకోని ఆ మిస్సోరీ విశ్వవిద్యాలయమే ఆయన పేరున గౌరవ డిగ్రీ ఇచ్చింది. నీకింకా అంశం కుదరకపోతే బయటి రాష్ట్రాలకు పంపిన ఈ స్కాలర్‌షిప్పుల వెంట పడు. ఎవరెవరు అలా కొలంబియా విశ్వవిద్యాలయానికో షికాగో విశ్వవిద్యాలయానికో వెళ్లారు, తిరిగొచ్చి ఏ ఊళ్లో ఏ బడిలో పాఠాలు చెప్పారు? ఒక జీవితానికి సరిపడా పని ఉంది అందులో.

అందుకే తలుపు మూసినవాళ్ల కాగితాల కంటే ముందు తట్టినవాళ్ల కాగితాలు చూడు. నల్లజాతి చరిత్ర కాగితాలు దాచిన కేంద్రాలున్నాయి: హోవర్డ్ విశ్వవిద్యాలయంలో మూర్‌లాండ్–స్పింగార్న్, న్యూ ఆర్లీన్స్‌లో అమిస్టాడ్, న్యూయార్క్ హార్లెమ్‌లో షాంబర్గ్. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో నల్లజాతి హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ పెట్టెలు. షికాగో డిఫెండర్ లాంటి నల్లజాతి పత్రికల పాత సంచికలు. ఆ తర్వాతే విశ్వవిద్యాలయం గడప తొక్కు.

ఆ కాగితాల దాకా చేరడానికే కొందరు ఎంత పడ్డారో తెలుసుకో. నల్లజాతి చరిత్రకారుడు జాన్ హోప్ ఫ్రాంక్లిన్ 1939లో రాలీ నగరంలోని ఉత్తర కరోలినా రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళితే, నల్లజాతి పరిశోధకుడు వస్తాడని ఆ భవనం కట్టినప్పుడు ఎవరూ అనుకోలేదన్నారు. ఆయన కోసం విడిగా ఒక చిన్న గది సర్దడానికి కొన్ని రోజులు పట్టింది. తెల్ల సిబ్బంది ఆయనకు కాగితాలు తెచ్చివ్వరు కనుక అరల తాళంచెవి ఆయన చేతికే ఇచ్చారు. మాకు లేని సౌకర్యం ఆయనకేమిటని తెల్ల పరిశోధకులు గొడవ చేస్తే రెండు వారాలకు అదీ లాగేసుకున్నారు. ఆయన 1941లో హార్వర్డ్ డాక్టరేట్ తీసుకున్నారు. 1956లో బ్రూక్లిన్ కాలేజీ చరిత్ర శాఖకు అధిపతి అయ్యారు.

ఇంకొకటి. మన తెలుగులో జాతి అంటే రేసూ అవుతుంది, దేశమూ అవుతుంది, కులమూ అవుతుంది. రాసేటప్పుడు ఆ మాట నిన్ను ఏమార్చకుండా చూసుకో. ఓక్లహామా విశ్వవిద్యాలయంలో 1948లో జార్జ్ మెక్‌లారిన్ అనే నల్లజాతి విద్యార్థిని తరగతి పక్క గదిలో విడిగా కూర్చోబెట్టిన ఫొటో చూస్తే, మన బళ్లలో వసారాలో కూర్చోబెట్టిన దళిత పిల్లలు గుర్తొస్తారు. రావాలి కూడా. కానీ కులం, రేసు ఒకటేనని ఒక్క వాక్యంలో తేల్చేయకు, రెండింటి పుట్టుకా వేరు, చట్టమూ వేరు. 1946లో అంబేద్కర్ అమెరికా నల్లజాతి మేధావి డుబాయ్స్‌కు ఉత్తరం రాసి అడిగింది కాగితమే, నల్లజాతి వాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి.

2023 సుప్రీంకోర్టు తీర్పు గురించి నిన్ను అందరూ అడుగుతారు. హార్వర్డ్, నార్త్ కరోలినా అడ్మిషన్లలో జాతిని చూడటం చెల్లదన్న ఆ కేసు ఆసియా పిల్లల పేరు చెప్పే నడిచింది. మన తెలుగు ఇళ్లలో చాలామంది సంతోషించారు. వాళ్లతో పోట్లాడకు. నల్లజాతి వాళ్ల పోరాటంతో 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక, ఆ ఊపులోనే 1965 వలస చట్టం వచ్చిందనీ, మన డాక్టర్లు, ఇంజనీర్లు విమానమెక్కింది దాని వల్లనేననీ తేదీలతో సహా చెప్పు.

రీడింగ్ రూముల్లో పెన్ను రానివ్వరు, పెన్సిళ్లు తెచ్చుకో. ఎండాకాలంలో కూడా లోపల చలి వణికిస్తుంది. స్వెట్టర్ కొనకు, నాది ఒకటి మోచేతుల దగ్గర కుట్లు వేసి ఉంచాను, వచ్చాక తీసుకెళ్లు.

ప్రేమతో,
పెద్దమ్మ