ఒక గదిలో నెట్ వచ్చి, ఇంకో గదిలో రాకపోతే

చి. మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

కింద హాల్లో నెట్ బాగానే వస్తోందనీ, మేడ మీద రెండో రూటర్ పెట్టిన దగ్గర్నుంచి కంప్యూటర్లకి ఉండీ ఉండీ పోతోందనీ రాశావు. అన్నిటికంటే ముందు ఒక్క మాట. కింద బాక్స్ (ఫైబర్ తీగ వచ్చి చేరే మొదటి రూటర్) వెనక పిన్నుతో నొక్కే రీసెట్ బొక్క జోలికి వెళ్లకు. ఆఫ్ చేసి ఆన్ చేయడం వేరు, రీసెట్ వేరు. రీసెట్ కొడితే కనెక్షన్ వాళ్లు ఎక్కించిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్, లైన్ సెట్టింగులు చెరిగిపోవచ్చు. అప్పుడు వాళ్ల మనిషి వచ్చేదాకా ఇల్లంతటికీ నెట్ ఉండదు.

ఎక్కడ తెగిందో తేలకుండా ఏ వైరూ పీకకు. మొదట కింద బాక్స్ లైట్లు చూడు. ఎల్ఓఎస్ అన్న చోట ఎర్ర లైటు ఉంటే ఫైబర్‌లో వెలుతురు అందడం లేదని అర్థం. తీగ బీరువా వెనక నలిగిందేమో, మేకు దగ్గర మడత పడిందేమో చూడు. లోపలుండేది గాజు పోగు, గట్టిగా వంచితే వెలుతురు బయటికి పోతుంది. మడతేమీ లేకపోతే ఫోన్ చేసి చెప్పడమే. తీగ కొన ఊడదీసి కంటికి ఎదురుగా మాత్రం పెట్టుకోకు.

ఎర్ర లైటు లేకుండా పాన్ (PON) అన్న లైటు నిలకడగా ఉంటే ఫైబర్ బాగుంది. ఇప్పుడు మేడ మీద కంప్యూటర్‌లో సీఎండీ (ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ, cmd) తెరిచి, ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి ఐపీవీ4 అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ నంబర్), డీఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి చూపే రూటర్ నంబర్) రెండూ కాగితం మీద రాసుకో. అడ్రస్ 169.254తో మొదలైతే రూటర్ నుంచి దానికి అడ్రస్సే అందలేదు, తనే ఒకటి పెట్టుకుంది. వైరో, వైఫైయో చూసుకోవాలి. అడ్రస్ సరిగ్గా ఉంటే మూడు పింగ్‌లు (ping అని కొట్టి పక్కన అడ్రస్ రాస్తే, అవతలిది పలుకుతుందో లేదో తెలుస్తుంది) వరసగా కొట్టు: ముందు గేట్‌వేకి, తర్వాత బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి, ఆఖర్న గూగుల్ డాట్ కామ్‌కి. మొదటిదే పలక్కపోతే లోపం కంప్యూటర్‌కీ రూటర్‌కీ మధ్య. మొదటిది పలికి రెండోది పలక్కపోతే రూటర్ నుంచి బయటికి దారి లేదు. మూడోది ఒక్కటే ఆగితే లోపం డీఎన్ఎస్‌ది, అంటే సైటు పేరుని నంబర్‌గా మార్చే ఏర్పాటుది. కంప్యూటర్ నెట్‌వర్క్ అడాప్టర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ 8.8.8.8 అని పెడితే సరిపోతుంది.

నీ వర్ణన చూస్తే నా అనుమానం వేరే. రెండు రూటర్లూ అడ్రస్సులు పంచుతున్నాయి. ఈ పంచే పనినే డీహెచ్‌సీపీ అంటారు, ఇంట్లో ఒక్కరే చేయాలి. ఇద్దరుంటే ఎవరు ముందు పలికితే కంప్యూటర్ వాళ్ల మాటే వింటుంది. మేడ మీది రూటర్ ముందు పలికితే గేట్‌వేగా తన పేరే చెబుతుంది, దాని వెనక బయటికి దారి లేదు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే కాసేపు బాగుపడి మళ్లీ పోవడానికి కారణం ఇదే. పని చేస్తున్నప్పుడూ, చేయనప్పుడూ గేట్‌వే నంబర్ రాసి పోల్చు. నంబర్ మారితే అనుమానం తీరినట్టే. రెండు రూటర్లదీ 192.168.1.1 అయితే నంబర్ మారదు, గొడవ మాత్రం ఇంకా ఎక్కువ.

మేడ మీది రూటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (అడ్రస్సులు పంచకుండా వైఫై మాత్రం ఇచ్చే పద్ధతి) ఉంటే అది ఎంచుకో, చాలు. లేకపోతే కిందినుంచి వచ్చే వైరు తీసేసి, కంప్యూటర్‌ని దానికే కలిపి, బ్రౌజర్‌లో దాని అడ్రస్ కొట్టి సెట్టింగుల పేజీ తెరువు. కింద బాక్స్ 192.168.1.1 అనుకుంటే దీని ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) అడ్రస్ 192.168.1.2 చేసి సేవ్ కొట్టు. కొత్త అడ్రస్‌తో మళ్లీ లోపలికెళ్లి అప్పుడు డీహెచ్‌సీపీ ఆపు. ముందే ఆపేస్తే ఆ పేజీ తెరవడానికి తంటాలు పడతావు. కింద బాక్స్‌లో పంచే అడ్రస్సులు 192.168.1.10 నుంచి మొదలయ్యేలా మార్చు, లేకపోతే 2వ నంబర్ ఏ ఫోన్‌కో ఇచ్చేస్తుంది. ఆఖరికి కింది వైరు ల్యాన్ పోర్టులో పెట్టు, బయటి లైన్ కోసం వ్యాన్ అని రాసిన దాంట్లో కాదు. వ్యాన్‌లో పెడితే నెట్ వచ్చినా మేడ మీద కంప్యూటర్ కింద ప్రింటర్‌ని వెతికి పట్టుకోలేదు.

రెండు రూటర్ల వైఫై ఒకదానికొకటి అడ్డు రాకుండా, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ కింద 1, పైన 11 ఉంచు.

వైరు మీద కూడా ఒక కన్నెయ్యి. 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని పైన 95 దాటకపోతే వైరులో ఒక పోగు తెగి ఉండొచ్చు. ఎనిమిది పోగులూ బాగుంటేనే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగం. 1, 2, 3, 6 నంబర్ల పోగులు నాలుగే పలికితే 100 దగ్గర ఆగుతుంది. కనీసం క్యాట్ 5ఈ రకం వైరు వాడు. కొత్త కనెక్టర్ వేయిస్తే రెండు కొనల్లోనూ వరస ఇలా ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. క్రింపింగ్ (కనెక్టర్‌ని వైరుకి నొక్కి బిగించడం) అయ్యాక గట్టిగా లాగి చూడు, పైతొడుగు కనెక్టర్ లోపలే ఉండాలి.

తాతయ్య పాత డెస్క్‌టాప్‌లో మూడు పింగ్‌లూ పలికి, సైట్లు మాత్రం సురక్షితం కాదంటూ ఆగితే నెట్‌ని అనకు. తెర కింది మూల తేదీ చూడు, అది తప్పుగా ఉంటే సైట్లు అలాగే ఆగుతాయి. కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి వెళ్తుంటే మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 బిళ్ల సెల్ అయిపోయింది. కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, రాసిన వైపు పైకి ఉండేలా కొత్తది వేసి తేదీ సరిచెయ్యి.

ఆ గేట్‌వే నంబర్లు రెండూ నాకు రాసి పంపు.

మావయ్య