లైట్‌హౌస్ స్టాంపులు: పాపతో ఎక్కడ మొదలుపెట్టించాలి?

విశాఖ చూసొచ్చాక మీ ఏడో తరగతి పాపకి లైట్‌హౌస్ స్టాంపుల పిచ్చి పట్టిందని, ఎక్కడ కొనాలి, ఎంతవుతుంది అని అడిగారు. మాది కాకినాడ. నేను పదేళ్ళుగా ఇవే పోగేస్తున్నాను, తెలిసింది చెప్తాను.

ముందుగా, ఆన్‌లైన్‌లో ‘వంద లైట్‌హౌస్ స్టాంపులు’ అని అమ్మే ప్యాకెట్ జోలికి పోకండి. నేను మొదట కొన్నది అదే. తెరిచి చూస్తే చాలావాటికి ఒకే మూలన, కొలిచి కొట్టినట్టు పోస్టు ముద్ర. వెనక్కి తిప్పితే జిగురు చెక్కుచెదరలేదు. ఉత్తరం మీద అంటించిన స్టాంపుకి జిగురు ఎలా మిగులుతుందండీ? అమ్మకం కోసమే ముద్ర కొట్టించిన సరుకది. ఇంకొన్నయితే ఆ దేశపు తపాలాశాఖకే తెలియకుండా ఎవరో అచ్చేసినవి. గిరాకీ ఉన్న ప్రతి బొమ్మకీ ఈ బెడద తప్పదు.

మన దేశానివి తక్కువే కాబట్టి వాటితో మొదలుపెట్టించండి. లక్షద్వీప్‌లోని మినికాయ్ లైట్‌హౌస్ 1885లో వెలిగింది, నూరేళ్ళు నిండాయని 1985లో స్టాంపు వేశారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1956 దాకా దాన్ని బ్రిటన్ వాళ్ళే నడిపారు. 2012లో అలప్పుళ లైట్‌హౌస్‌కి కూడా స్టాంపు వచ్చింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన దాని మీద మాత్రం లైట్‌హౌస్ అన్న మాటే ఉండదు. 1962లో వచ్చిన మద్రాస్ హైకోర్టు శతాబ్ది స్టాంపు అది. ఆ కోర్టు గుమ్మటం మీద 1894 నుంచి 1977 వరకు ఓడలకు దారి చూపే దీపం ఉండేది. అంటే స్టాంపు వచ్చేనాటికి దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఇలా దాక్కున్నవాటిని వెతకడంలోనే సరదా అంతా. పాపకి ఆ ఆట నేర్పండి.

విదేశాల విషయానికొస్తే అమెరికా వాళ్ళవి సులువుగా దొరుకుతాయి. 1990లో ఐదు లైట్‌హౌస్‌లతో 25 సెంట్ల స్టాంపుల బుక్‌లెట్ వేశారు. 1995లో గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సులవి, 2003లో ఆగ్నేయ తీరానివి, ఇలా వరసగా వచ్చాయి. ఆగ్నేయ తీరం సెట్లో మోరిస్ ఐలండ్ ఉంటుంది. నేల మీద కట్టిన ఆ లైట్‌హౌస్ ఇప్పుడు నీళ్ళ మధ్య నిలబడింది, చుట్టూ ఉన్న నేలనంతా సముద్రం తినేసింది. సముద్రం ఇలాగే ఒడ్డుని తినేస్తున్న ఉప్పాడ పక్కన పెరిగినవాణ్ణి కదా, దాన్ని ఊరికే చూసి పక్కన పెట్టలేను.

బ్రిటన్ 1998 సెట్లోని ఎడిస్టన్ కథ ఇంకా ఘోరం. 1698లో హెన్రీ విన్‌స్టన్లీ కట్టిన ఆ లైట్‌హౌస్‌ని 1703 తుపాను ఊడ్చుకుపోయింది. ఆ రాత్రి ఆయన అందులోనే ఉన్నాడు.

ఇక నేను పాడుచేసుకున్నవి. పాత స్టాంపుల్ని కవరు ముక్కతో సహా గోరువెచ్చని నీళ్ళలో వేస్తే కాసేపటికి విడిపోతాయి. అదే ధైర్యంతో 2007 నాటి అమెరికా స్టాంపుని, డైమండ్ హెడ్ లైట్‌హౌస్‌ది, నానబెట్టాను. అది స్టిక్కర్ రకం, గంట గడిచినా కదల్లేదు. గోటితో లాగితే బొమ్మ సగం చిరిగింది. అలాంటివాటిని చుట్టూ కాస్త కాగితం వదిలి కత్తిరించి అలాగే ఉంచెయ్యాలి. మా ఊరి తేమకి జిగురున్న కొత్త స్టాంపులు, వాటిని దాచుకునే స్టాక్‌బుక్‌కి అతుక్కుపోయిన సందర్భమూ ఉంది. అప్పట్నుంచి వర్షాకాలంలో ఆల్బమ్‌ని తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెడుతున్నాను.

ఖర్చు గురించి బెంగ వద్దు. వాడిన స్టాంపులు చవకే. కొత్తవి వాటి మీద రాసున్న ధరకే కావాలంటే, సేకరించేవాళ్ళ కోసం తపాలాశాఖ నడిపే ఫిలాటెలిక్ బ్యూరోలో కనీసం 200 రూపాయలతో డిపాజిట్ ఖాతా తెరిస్తే, విడుదలైనవి ఇంటికే వస్తాయి. హైదరాబాద్ వాళ్ళకి ఆబిడ్స్ జీపీవోలో బ్యూరో ఉంది. ఆల్బమ్ కంటే ముందు మొన చదునుగా ఉండే ట్వీజర్స్ కొనివ్వండి, చేతి చెమట తగిలితే స్టాంపు పాడవుతుంది.

గ్రేట్ లేక్స్ సెట్లోని స్ప్లిట్ రాక్ స్టాంపు నా దగ్గర రెండున్నాయి. మెసేజ్ పెడితే ఒకటి మీ పాపకి పోస్టులో పంపిస్తాను.