మన ఇంటిపేరు రావు కాదు నాన్నా

చిరంజీవి కార్తీక్‌కి పెద్దతాత ఆశీస్సులు.

‘రావు’ వంశం మీద పుస్తకం రాస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. అమెరికాలో పుట్టినవాడికి ఈ ధ్యాస కలిగినందుకు ఎంత పొంగిపోయానో, నువ్వు పంపిన జాబితా చూసి అంత కంగారుపడ్డాను.

చిత్రకారుడు దామెర్ల రామారావు, తెలుగులో తొలి కార్టూనిస్టుగా చెప్పుకునే తలిశెట్టి రామారావు, హైదరాబాద్ లెగ్ స్పిన్నర్ ఎం.వి. నరసింహారావు. ముగ్గురినీ ఒక చెట్టుకి కట్టేశావు. ఒరేయ్, రావు పేరు చివర గౌరవానికి తగిలించేది. ఇంటిపేరు ముందుంటుంది. ఒకరిది దామెర్ల, ఒకరిది తలిశెట్టి. క్రికెటర్‌ది ఆ పొడి అక్షరాల్లో ఉంది. 1932లో లార్డ్స్‌లో మన మొదటి టెస్టుకి కెప్టెన్‌గా దిగిన సి.కె. నాయుడు ఇంటిపేరూ నాయుడు కాదు, కొఠారి.

తప్పు నీది కాదు, నాది. 1981లో మీ తాత పాస్‌పోర్టు దరఖాస్తు నింపింది నేనే. వీధరుగు మీద కూర్చుని, సర్‌నేమ్ అన్నచోట పెన్ను ఆపాను. ‘వేమవరపు అంటే వాళ్ళకి నోరు తిరగదు అన్నయ్యా, రావు అని పెట్టెయ్’ అన్నాడు వాడు. పెట్టేశాను. పెద్దవాణ్ణి, వద్దనాల్సింది.

వాడి అస్థికలతో మీ నాన్న వచ్చినప్పుడు రాజమండ్రి పుష్కరఘాట్‌లో పంతులుగారు ఇంటిపేరు అడిగారు. మీ నాన్న ‘రావు’ అన్నాడు. పంతులుగారు నా వైపు చూశారు. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి నేను ‘వేమవరపు’ అన్నాను, గొంతు పెగల్లేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. సాయంత్రం మీ నాన్నని దామెర్ల ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళాను. 28 ఏళ్ళు నిండకుండానే 1925లో పోయిన మనిషి, ఆ బొమ్మల ముందు ఎంతసేపు నిలబడ్డామో! గుమ్మం మీద ఆయన ఇంటిపేరు అలాగే ఉంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. మీ నాన్న బొమ్మలు చూసి అనుకున్నాడు.

ఇక పని సంగతి. పాత శుభలేఖలు, పొలం దస్తావేజులు పోగుచెయ్యి. ఊరినిబట్టి వచ్చిన ఇంటిపేరు వేరువేరు కులాల్లోనూ ఉంటుంది, కాబట్టి పేరు కలిసిందని చుట్టరికం రాసెయ్యకు, గోత్రం అడుగు. మనది భారద్వాజ గోత్రం. ఆడపిల్లలు పెళ్ళితో ఇంటిపేరు మారి జాబితాలోంచి జారిపోతారు, వాళ్ళని వదలొద్దు. అసలు కథలన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. పొట్టి చేతుల చొక్కా వేసుకుని చలిలో తిరగకు, అదీ చెప్పాలి.

అమలాపురం అత్తయ్యకి 91. మా తాత అన్నదమ్ముల పేర్లు వరసగా చెప్పగలిగింది ఇప్పుడు ఆవిడొక్కతే. పండక్కి చేద్దాంలే అనుకోకు, ఈ ఆదివారమే ఫోన్ చెయ్యి. ఎడమ చెవి వినపడదు, ఫోన్ కుడివైపు పెట్టమను. ముందు నువ్వెవరివో చెప్పు, ఇంటిపేరుతో.